నేను గెలిచిన డిబేట్‌లో లేని కుర్రాడు

పోయిన సెమిస్టర్‌లో మన క్లబ్ పెట్టిన తెలుగు డిబేట్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. టాపిక్ ఇది: "తీవ్రమైన నేరం చేసిన మైనర్లకు పెద్దవాళ్లతో సమానంగా శిక్ష వేయాలా?" నేను "వేయాలి" అనే వైపు మాట్లాడాను. ఫస్ట్ ప్రైజ్ కూడా నాకే వచ్చింది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు, స్టేజి మీద ఏడు నిమిషాలు తెలుగులో తడబడకుండా మాట్లాడటమే గొప్ప. ఆ సర్టిఫికెట్ ఫొటో అమ్మ వాట్సాప్ స్టేటస్‌లో మూడు రోజులు ఉంది (ఒక్క రోజు తర్వాత అదే పోతుంది కదా అంటారేమో, అమ్మ రోజూ మళ్లీ పెట్టింది).

నన్ను గెలిపించింది ఒక ఉదాహరణ. ఆ ఉదాహరణ గురించే ఈ వ్యాసం. అసలు చెప్పాలంటే, ఆ రోజు నేను చెప్పని ఇంకో ఉదాహరణ గురించి.

నేను చెప్పింది మేరీ వేడ్ కథ. లండన్ వీధుల్లో ఊడ్చి, అడుక్కుని బతికే పిల్ల. తన కంటే చిన్నదైన ఇంకో పిల్ల ఒంటి మీది గౌను, టోపీ లాక్కుంది. 1789 జనవరిలో ఆమెకు ఉరిశిక్ష వేశారు. అప్పటికి ఆమె వయసు 11 అని కొందరు, 13 అని కొందరు రాశారు. ఆ మార్చిలో రాజు మూడో జార్జ్‌కి మతి స్వస్థత కుదిరింది. ఆ సంతోషంలో ఉరికి సిద్ధంగా ఉన్న ఆడవాళ్లకు శిక్ష తగ్గించారు. మేరీని లేడీ జూలియానా అనే ఓడ ఎక్కించి ఆస్ట్రేలియా పంపించారు. అక్కడ ఆమె పెళ్లీ, పిల్లలూ, పొలమూ అన్నీ చూసింది. 1859లో చనిపోయేనాటికి మనవలు, ముని మనవలతో కలిపి వంశం వందల్లోకి పెరిగింది. ఆ వంశంలోనే పుట్టిన కెవిన్ రడ్ తర్వాత ఆస్ట్రేలియా ప్రధానమంత్రి అయ్యాడు. "కఠినమైన శిక్ష ఒక పిల్లని వీధి నుంచి తీసి ఒక ప్రధానమంత్రికి ముత్తవ్వను చేసింది" అని నేను అనగానే హాలంతా చప్పట్లు. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. అన్నీ నిజాలే.

రెండో కుర్రాడు నాకు మినీ ప్రాజెక్ట్ వల్ల దొరికాడు. మా టీమ్ తీసుకున్న పని పాత డాక్యుమెంట్లలోంచి వయసు, వృత్తి లాంటి వివరాలను ప్రోగ్రామ్‌తో బయటికి లాగడం. దానికి డేటా కావాలి కదా. లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణల రికార్డులు 1674 నుంచి 1913 దాకా ఆన్‌లైన్‌లో ఉన్నాయి. దాదాపు రెండు లక్షల కేసులు. ఉచితం. మా కోడ్ వయసు పట్టుకోలేకపోయిన కేసులను చేత్తో సరిచూస్తుంటే 1783 డిసెంబర్ నాటి ఒక కేసు దగ్గర ఆగిపోయాను. కోర్టు ఒక ఖైదీని వయసెంత అని అడిగింది. తొమ్మిదో ఏడు నడుస్తోందని అతను చెప్పాడు. అంకె రూపంలో వయసు లేదు కాబట్టి మా కోడ్ దాన్ని ఖాళీగా వదిలేసింది. పేరు జాన్ హడ్సన్.

తర్వాతి ప్రశ్నలు ఇంకా చిన్నవి. ఏం పని నేర్చుకున్నావని అడిగారు. ఏమీ లేదు, అప్పుడప్పుడు చిమ్నీలు ఊడుస్తానని చెప్పాడు. అమ్మానాన్నలు ఉన్నారా అంటే చనిపోయారన్నాడు. ఎప్పుడు చనిపోయారు అంటే తెలియదన్నాడు. అంతే. ఆ వాడి గొంతు ప్రపంచంలో ఎక్కడైనా మిగిలి ఉందంటే ఈ నాలుగు జవాబుల్లోనే.

చిమ్నీ ఊడ్చే పని అంటే మనకు పెద్దగా తెలియదు, మన ఇళ్లకు పొగగొట్టాలు అలా ఉండవు కాబట్టి. ఇంగ్లండ్‌లో బొగ్గు పొయ్యిల పొగ పోయే ఇరుకు దారుల్లోకి మనిషి ఎక్కి మసి గీకాలి. పెద్దవాళ్లు పట్టరు. అందుకని ఐదారేళ్ల అనాథ పిల్లల్ని పనిలోకి తీసుకునేవాళ్లు. ఎనిమిదేళ్లు నిండని పిల్లల్ని ఆ పనిలో పెట్టకూడదని చట్టం 1788లో వచ్చింది, అది కూడా సరిగ్గా అమలు కాలేదు. అప్పటికి జాన్ ఇంగ్లండ్‌లో లేడు.

అతని మీద కేసు ఏంటంటే, 1783 అక్టోబర్‌లో ఒక రాత్రి విలియం హోల్డ్స్‌వర్త్ అనే ఆయన ఇంట్లో దూరి ఒక నార చొక్కా, ఐదు పట్టు మేజోళ్లు, ఒక పిస్తోలు, రెండు ఏప్రాన్లు ఎత్తుకెళ్లాడని. ఐదు మేజోళ్లు అంటే రెండు జతలు, ఒక ఒంటిది. ఆ ఒంటి మేజోడు దగ్గర నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. చీకట్లో చేతికి దొరికింది దొరికినట్టు తీసుకున్నాడన్నమాట.

ఆధారాల్లో ఒకటి కాలి ముద్ర. దొంగ దిగిన చోట బల్ల మీద చిన్న పాదం గుర్తు, వేళ్ల గుర్తులు పడ్డాయట. ఇంటాయన వాటిని జాగ్రత్తగా ఒక కాగితం మీదికి ఎత్తుకున్నాడు. ఫోరెన్సిక్స్ అనే మాట పుట్టకముందే ఆయన చేసిన పని చూసి ముందు మెచ్చుకున్నాను. ఆ వారం ఇంటికెళ్లినప్పుడు మా పిన్ని కొడుకు వచ్చి ఉన్నాడు. నాలుగో తరగతి, తొమ్మిదో ఏడే. వాడి పాదం ఒక తెల్ల కాగితం మీద పెట్టించి పెన్సిల్‌తో చుట్టూ గీశాను. చక్కిలిగింతలు పెడుతున్నానని గోల చేశాడు. గీశాక చూస్తే ఆ పాదం నా అరచేతి కంటే కాస్త పొడవు, అంతే. "ఎందుకన్నా?" అని అడిగాడు. ప్రాజెక్ట్‌కి అన్నాను. ఇప్పుడు ఆ కాగితం నా డేటా స్ట్రక్చర్స్ పుస్తకంలో ఉంది.

ఈ కేసులో నాకు బాగా ఇబ్బందిగా అనిపించింది జడ్జి క్రూరత్వం కాదు. జడ్జి మంచివాడు. నిజంగానే. రాత్రిపూట ఇంట్లో దూరి దొంగతనం చేయడం అప్పట్లో ఉరిశిక్ష పడే నేరం. ఆ ఆరోపణ నుంచి జాన్‌ని తప్పించారు, మామూలు దొంగతనం వరకే నేరం నిలబెట్టారు. అంటే ప్రాణం కాపాడారు. ఆ జడ్జి అన్న మాటల సారాంశం ఇది: వీలైతే ఇలాంటి పిల్లవాణ్ని నాశనం కాకుండా లాగేయాలని ఎవరికైనా అనిపిస్తుంది, వదిలేస్తే మళ్లీ అదే బతుకులోకి పోతాడు, పిల్లల చేత ఇళ్లు దోపిడీ చేయించే చెడ్డవాళ్ల చేతిలో పనిముట్టు అవుతాడు. ఎంత సరైన మాట! పిల్లాడి వెనక పెద్దవాళ్లు ఉన్నారని, అసలు దోషులు వాళ్లేనని కోర్టుకి తెలుసు. తెలిసీ చేసింది ఏంటి? ఏడేళ్ల ద్వీపాంతరవాసం. ఆ పెద్దవాళ్లెవరో ఆ కేసులో ఎక్కడా లేరు.

అంటే ఆ తీర్పు కోపంతో రాసింది కాదు. పిల్లాడి మంచి కోసం రాసింది. డిబేట్‌లో నేను వాడిన పదం కూడా అదే, "వాళ్ల మంచి కోసమే".

కొంచెం చట్టం. అప్పటి ఇంగ్లీష్ న్యాయం ప్రకారం ఏడేళ్ల లోపు పిల్లలు నేరం చేయలేరు. ఏడు నుంచి పద్నాలుగు మధ్య అయితే వాళ్లకు మంచీచెడూ తెలియదనే అనుకోవాలి, తెలుసని ఎవరైనా రుజువు చేస్తే తప్ప. ఈ ఏడు అంకె మనకు కొత్తది కాదు. 1860లో వచ్చిన ఇండియన్ పీనల్ కోడ్‌లో సెక్షన్ 82గా ఉంది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 20గా అలాగే ఉంది. ఏడు దాటి పన్నెండు లోపు ఉన్నవాళ్ల సంగతి సెక్షన్ 21. ద్వీపాంతరవాసం అనే శిక్ష కూడా ఆ పీనల్ కోడ్‌లోనే ఉండేది. అండమాన్ అనగానే మన తాతలకు గుర్తొచ్చే మాట. 1955లో చేసిన సవరణతో దాన్ని తీసేసి యావజ్జీవ ఖైదు అని మార్చారు. శిక్ష పేరు పోయింది, ఏడు మాత్రం ఉండిపోయింది. మన జువెనైల్ చట్టం వేరే రక్షణలు ఇస్తుంది, కాదనను. కానీ టాపిక్ మీద ఏడు నిమిషాలు మాట్లాడిన నాకు ఈ ఏడు గురించి అస్సలు తెలియదు.

సరే, ఎక్కడికి పంపాలి? అంతకుముందు బ్రిటన్ తన ఖైదీలను అమెరికాకి పంపేది. యుద్ధం మొదలయ్యాక అది ఆగిపోయింది. 1783లో అమెరికా చేజారిందని సంతకాలు కూడా అయ్యాయి. అయినా సరే, మళ్లీ ఒకసారి ప్రయత్నిద్దామని 1784 వసంతంలో మెర్క్యురీ అనే ఓడ నిండా ఖైదీలను ఎక్కించి అటు పంపారు. వాళ్లలో జాన్ ఒకడు. ఏప్రిల్‌లో ఖైదీలు తిరగబడి ఓడను చేజిక్కించుకున్నారు. గాలి అనుకూలించక ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని టోర్బే దగ్గరికే వచ్చి చేరారు. చాలామంది పడవలెక్కి ఒడ్డుకు పారిపోబోయారు. శిక్షాకాలం ముగియకుండా దేశంలో అడుగు పెడితే ఉరి అని చట్టం. జాన్ ఒడ్డు తాకకముందే నౌకాదళం వాళ్లకు దొరికిపోయాడు. అదే అతని అదృష్టం. పదేళ్లలోపు పిల్లాడి అదృష్టం అలా కొలవాల్సి వచ్చింది.

తర్వాత ప్లిమత్ దగ్గర డంకర్క్ అనే ఓడ. ఓడ అంటే కదిలేది కాదు. సముద్రానికి పనికిరాకుండా పోయిన పాత ఓడలను రేవుల్లో కట్టేసి జైళ్లుగా వాడేవాళ్లు. హల్క్ అంటారు. జైళ్లు నిండిపోయాయి, ఖైదీలను పంపడానికి దేశం దొరకడం లేదు, అందుకే ఈ ఏర్పాటు. అందులో జాన్ దాదాపు మూడేళ్లు ఉన్నాడు. 1787 మార్చి దాకా. ఈ మూడేళ్ల గురించి చెప్పడానికి నా దగ్గర వాక్యాలు లేవు. నేను మూడో తరగతి నుంచి ఆరో తరగతికి వచ్చిన కాలం తలచుకున్నాను. సైకిల్ నేర్చుకున్నది, ఈత నేర్చుకున్నది, కళ్లజోడు వచ్చింది అన్నీ ఆ మూడేళ్లలోనే.

1787 మే 13న పోర్ట్స్‌మత్ నుంచి 11 ఓడలు బయల్దేరాయి. చరిత్రలో దాన్ని ఫస్ట్ ఫ్లీట్ అంటారు. జాన్ ఎక్కింది ఫ్రెండ్‌షిప్ అనే ఓడ (పేర్లు ఎవరు పెట్టారో గానీ). 700 మందికి పైగా ఖైదీలు, వాళ్లలో మగవాళ్లందరిలోకి చిన్నవాడు ఇతనే అని చరిత్రకారులు అంటారు. పన్నెండో పదమూడో ఏడు. ఎనిమిది నెలల పైన ప్రయాణం. 1788 జనవరి 26న సిడ్నీ కోవ్‌లో దిగారు. ఆ నేల గడిగల్ ప్రజలది. వాళ్లను ఎవరూ అడగలేదు. ఈ రోజునే ఆస్ట్రేలియా డే అని జరుపుకుంటారు, మన రిపబ్లిక్ డే కూడా అదే తేదీ కావడం యాదృచ్ఛికం.

ఇక్కడ కంప్యూటర్ సైన్స్ వాళ్లందరికీ ఒళ్లు మండే విషయం ఒకటుంది. ఏ ఖైదీకి ఎప్పుడు శిక్ష పడింది, ఎన్నేళ్లు, ఎప్పటితో అయిపోతుంది అనే కాగితాలు ఫ్లీట్‌తో పాటు రాలేదు. ఇంగ్లండ్‌లోనే ఉండిపోయాయి. మనుషుల్ని మైగ్రేట్ చేశారు, రికార్డుల్ని మర్చిపోయారు. కొందరు ఖైదీలు మా ఏడేళ్లు అయిపోయాయి, వదిలేయండి అని అడిగితే గవర్నర్ ఆర్థర్ ఫిలిప్ దగ్గర చూసుకోవడానికి ఏమీ లేదు. 1789లో అలా గట్టిగా వాదించిన ఒకతనికి, ఆ వాదనలో పై అధికారి గురించి అబద్ధం చెప్పాడంటూ కొరడా దెబ్బలు వేసి సంకెళ్లు తగిలించారు. రికార్డు తెప్పించడానికి ఇంగ్లండ్‌కి ఉత్తరం రాయాలి, అది వెళ్లి జవాబు రావడానికి ఏడాది పైనే.

తిండి కూడా చాలేది కాదు. 1790 మార్చిలో కొంత భారం తగ్గించడానికి చాలామందిని నార్ఫోక్ ద్వీపానికి పంపారు. సిడ్నీకి వెయ్యి మైళ్ల దూరంలో సముద్రం మధ్య చిన్న ముక్క. జాన్‌ని తీసుకెళ్లిన సిరియస్ ఓడ, మనుషుల్ని దింపాక, మార్చి 19న అక్కడి రాళ్లకు కొట్టుకుని బద్దలైంది. ఉన్న సామానే అందరూ పంచుకోవాలి. ఆ ఏడాది వాళ్లను బతికించింది మౌంట్ పిట్ అనే కొండ మీద నేలలో బొరియలు చేసుకుని గుడ్లు పెట్టే సముద్రపు పక్షులు. రాత్రిళ్లు వెళ్లి వేలకు వేలు చంపి తెచ్చుకున్నారు. కొన్నేళ్లకు ఆ ద్వీపం మీద ఆ పక్షులే లేకుండా పోయాయి. (అప్పట్లో కాలనీకి తిండి ఎక్కడెక్కడి నుంచో తెప్పించారు. 1792లో సిడ్నీకి కలకత్తా నుంచి ఒక ఓడ బియ్యం, సూజీ, పప్పు తెచ్చింది. సూజీ, పప్పు అనే మాటల్ని అక్కడి ఇంగ్లీష్ రాతల్లో చూసి, హాస్టల్ ఉప్మా ఆస్ట్రేలియా దాకా వెళ్లిందని మా రూమ్మేట్‌కి చూపించాను.)

జాన్ హడ్సన్ గురించి దొరికే చివరి వరుస 1791 ఫిబ్రవరి 15వ తేదీది. రాత్రి తొమ్మిది గంటల తర్వాత గుడిసె బయట ఉన్నందుకు 50 కొరడా దెబ్బలు. అంతే. ఆ తర్వాత ఏమయ్యాడో రికార్డుల్లో లేదు.

ఈ తేదీని రెండుసార్లు చూడండి. శిక్ష పడింది 1783 డిసెంబర్‌లో. ఏడేళ్లు. అంటే 1790 డిసెంబర్‌తో అయిపోయింది. లెక్క ప్రకారం ఫిబ్రవరి 15న అతను ఖైదీ కాదు. స్వేచ్ఛగా ఉండాల్సిన ఒక పదహారేళ్ల కుర్రాడు రాత్రి తొమ్మిది దాటాక గుడిసె బయట నిలబడ్డాడు, అందుకు 50 దెబ్బలు తిన్నాడు. ఆ లెక్క చేసే కాగితం సముద్రానికి అవతల ఉంది. అతనికైనా తన ఏడేళ్లు ఎప్పుడు అయిపోయాయో తెలుసో లేదో. అమ్మానాన్నలు ఎప్పుడు చనిపోయారో తెలియనివాడికి తేదీలు ఎవరు నేర్పారు? మా హాస్టల్‌లో తొమ్మిదిన్నరకి అటెండెన్స్. ఆ టైమ్‌కి నేను గేటు బయట టీ కొట్టు దగ్గర దొరికిన రోజులు చాలానే ఉన్నాయి. వార్డెన్ సర్ అరిచారు, ఒకసారి ఇంటికి ఫోన్ చేశారు. దీన్ని దానితో పోల్చడం లేదు. కానీ ఆ వరుస చదివినప్పుడు ముందు గుర్తొచ్చింది మాత్రం ఆ టీ కొట్టే.

ఇప్పుడు మేరీ వేడ్ దగ్గరికి వస్తాను. ఆమెను సిడ్నీ నుంచి 1790 ఆగస్టులో ఎక్కడికి తరలించారో తెలుసా? నార్ఫోక్ ద్వీపానికే. జాన్‌ని కొరడాతో కొట్టిన రోజున ఆమె కూడా అదే ద్వీపంలో ఉంది. ఇద్దరూ లండన్ వీధి పిల్లలే. ఒకే కోర్టు, ఒకే శిక్ష, ఒకే దీవి. నేను స్టేజి మీద ఒకరి కథ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను.

మెషీన్ లెర్నింగ్ క్లాసులో రెండో ప్రపంచ యుద్ధం విమానాల ఉదాహరణ చెబుతారు కదా. తిరిగొచ్చిన విమానాల మీద తూటా రంధ్రాలు ఎక్కడున్నాయో చూసి అక్కడ కవచం వేద్దామనుకున్నారు, అబ్రహం వాల్డ్ అనే గణిత శాస్త్రవేత్త మాత్రం తిరిగిరాని వాటి గురించి ఆలోచించాలన్నాడు. ఇంటర్నల్ పరీక్షలో దాని మీద ఐదు మార్కుల ప్రశ్నకి ఐదూ తెచ్చుకున్నాను. డిబేట్‌లో మాత్రం తిరిగొచ్చిన విమానాన్నే చూపించి గెలిచాను. మేరీకి వందల మంది వారసులు ఉన్నారు, వాళ్లు ఆమె పేరు వెతికారు, కథ రాశారు, వాళ్లలో ఒకాయన ప్రధాని అయ్యాడు. అందుకే సెర్చ్ చేస్తే ఆమె ముందు వస్తుంది. జాన్‌ని వెతకడానికి ఎవరూ లేరు. 1788 నుంచి 1868 దాకా ఆస్ట్రేలియాకి పంపిన ఖైదీలు దాదాపు 1,62,000 మంది. వాళ్లలో ఎంతమంది మేరీలు, ఎంతమంది జాన్‌లు అని నేను ఆ రోజు అడగలేదు. నన్నూ ఎవరూ అడగలేదు.

ఇదంతా మా రూమ్మేట్‌కి చెబితే వాడు ఒక మంచి పాయింట్ తీశాడు. "లండన్‌లోనే ఉండుంటే ఏమయ్యేవాడురా? చిమ్నీలో ఊపిరాడక చచ్చేవాడు, లేకపోతే ఇంకో దొంగతనంలో ఉరి పడేది. పంపడమే నయం కదా." దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. రెండు రోజులు ఆలోచించాక అనిపించింది ఇది. వాడు చెప్పిన రెండు దారులూ నిజమే, కానీ ఆ రెండే ఉండేలా చేసింది ఎవరు? పిల్లల్ని పొగగొట్టాల్లోకి ఎక్కించడం కూడా చట్టప్రకారమే జరిగేది. జాన్ కోసం పదకొండు ఓడల్లో ఒక చోటు, మూడేళ్ల హల్క్ కూడు, కాపలా సైనికులు, ప్రపంచానికి ఆ చివర ఒక గుడిసె, అన్నింటికీ ఖర్చు పెట్టారు. ఆ ఖర్చులో చిన్న భాగంతో లండన్‌లోనే ఒక ఇంట్లో ఉంచి ఏదైనా పని నేర్పించొచ్చు. అనాథ పిల్లల్ని పనిలో చేర్చే పద్ధతి అప్పుడు లేకపోలేదు. డబ్బు లేక కాదు, వాణ్ని కంటి ముందు ఉంచుకోవడం ఇష్టం లేక.

"మంచి కోసమే" పంపడం అక్కడితో ఆగిపోయుంటే ఇది పాత చరిత్ర అని ఊరుకునేవాణ్ని. ఇరవయ్యో శతాబ్దంలో, 1960లు దాకా, బ్రిటన్ అనాథాశ్రమాల నుంచి వేల మంది పిల్లల్ని ఆస్ట్రేలియాకి ఓడల్లో పంపారు. వాళ్లు ఏ నేరమూ చేయలేదు. కొత్త జీవితం ఇస్తామని చెప్పారు. కొందరికైతే తల్లిదండ్రులు బతికుండగానే చనిపోయారని చెప్పారు. అక్కడ చాలామందికి దక్కింది చాకిరీ, దెబ్బలు, ఇంకా ఘోరాలు. అదే ఆస్ట్రేలియాలో ఆదివాసీ తల్లుల నుంచి పిల్లల్ని లాక్కెళ్లి సంస్థల్లో పెట్టడం కూడా దశాబ్దాల పాటు జరిగింది, అదీ "వాళ్ల మంచి కోసమే".

2008 ఫిబ్రవరి 13న ఆస్ట్రేలియా పార్లమెంటులో ప్రధాని లేచి ఆ ఆదివాసీ పిల్లలకు, కుటుంబాలకు క్షమాపణ చెప్పాడు. 2009 నవంబర్ 16న బ్రిటన్ నుంచి తెచ్చిన పిల్లలకూ, అక్కడి అనాథాశ్రమాల్లో నలిగిన పిల్లలకూ క్షమాపణ చెప్పాడు. రెండుసార్లూ ఆ ప్రధాని కెవిన్ రడ్. నేను శిక్ష గొప్పదనానికి సాక్ష్యంగా చూపించిన మేరీ వేడ్ వారసుడు. ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నాటకీయంగా ఉంటుంది. పట్టింది. కానీ పొద్దున్న లేవగానే ఆ సర్టిఫికెట్‌ని గోడ మీంచి తీసి ఫైల్‌లో పెట్టాను.

మరి ఇప్పుడు టాపిక్ మీద నా అభిప్రాయం ఏంటి అంటారా? పూర్తిగా తిరగబడిపోయిందని చెప్పలేను. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చెప్పేది ఘోరమైన నేరాల గురించి, పదహారు నిండినవాళ్ల గురించి. మేజోళ్ల దొంగతనం దానితో సమానం కాదు. ఒక హత్య కేసులో బాధితుల ఇంటికెళ్లి జాన్ హడ్సన్ కథ చెప్పే ధైర్యం నాకు లేదు. నేను వెనక్కి తీసుకుంటున్నది ఒక్క వాదన. కఠినమైన శిక్ష పిల్లాడి మంచికే అనే వాదన. కోపంతో శిక్షిస్తున్నాం అంటే కనీసం అది నిజాయితీ, దాని మీద వాదించొచ్చు. మంచి కోసం అంటే మాత్రం ఆ మంచి జరిగిందో లేదో చూసిన కాగితం చూపించాలి. పంపిన తర్వాత వాడు తిన్నాడా, ఏమైనా నేర్చుకున్నాడా, ఎప్పుడు బయటికొచ్చాడు అనేది. మనల్ని ప్రతి సెమిస్టర్‌కీ ఫీడ్‌బ్యాక్ ఫారం నింపమంటారు, దాని స్థాయి కాగితమైనా. జాన్ విషయంలో లండన్ కోర్టు చూపించిన దయ తర్వాత ప్రభుత్వం అతని గురించి మళ్లీ శ్రద్ధగా తేదీ వేసి రాసింది దెబ్బలు కొట్టిన రోజే.

మా ప్రాజెక్ట్‌లో వయసు కాలమ్‌ని సరిచేశాం. కోడ్ ఇప్పుడు "తొమ్మిదో ఏడు" లాంటి మాటల్ని కూడా పట్టుకుంటోంది. తర్వాత ఏమయ్యాడు అనే కాలమ్ కూడా పెడదామని నేనన్నాను. దానికి డేటా లేదు, అన్ని వరుసలూ ఖాళీగా ఉంటాయి, వైవాలో అడుగుతారు అని టీమ్ వాళ్లు ఒప్పుకోలేదు. నేను ఒకటే వరుసతో వేరే షీట్ పెట్టుకున్నాను.

క్లబ్ కన్వీనర్ అక్కని వచ్చే సెమిస్టర్‌లో ఇదే టాపిక్ మళ్లీ పెట్టమని, ఈసారి నేను అటువైపు మాట్లాడతానని అడిగాను. ఒకే టాపిక్ రెండుసార్లు పెట్టడం కుదరదంది. కావాలంటే ఈ-మ్యాగజైన్‌కి రాసివ్వు, లాస్ట్ డేట్ శుక్రవారం అంది. రాశాను.